చెక్క బోటులో సరిగ్గా చూపిన కంపాస్ ఇనుప బోటులో ఎందుకు తప్పుతోంది?

మరపడవ_విశాఖ:

మాది విశాఖ ఫిషింగ్ హార్బరు. నాన్న ముప్పై ఏళ్లు చెక్క బోటు నడిపారు. పోయిన డిసెంబరులో అప్పు చేసి ఇనుప బోటు కట్టించాం. పాత బోటులో ఉన్న కంపాస్ అంటే ఆయనకు ప్రాణం, అందుకని దాన్నే విప్పి కొత్త క్యాబిన్‌లో చుక్కాని చక్రం ముందు బిగించాం. తంటా అప్పుడు మొదలైంది.

తూర్పుకు పోతున్నప్పుడు జీపీఎస్ 90 చూపిస్తుంటే కంపాస్ 104 అంటుంది. తిరిగి పడమరకు వస్తుంటే జీపీఎస్‌లో 270, కంపాస్‌లో 256. దక్షిణానికి పోతే రెండూ ఒకటే మాట. ఉత్తరానికి వచ్చినా ఒకటే, కానీ అప్పుడు కంపాస్ కార్డు (ముల్లుతో పాటు తిరిగే అంకెల పళ్లెం) నిద్రమత్తులో ఉన్నట్టు నెమ్మదిగా తిరుగుతుంది. దక్షిణానికి పోయేటప్పుడు మాత్రం చురుగ్గా ఉంటుంది.

లోపలి ద్రవం తగ్గిందని బోటు నడిపే సరంగు అంటాడు. కొట్టువాడు కొత్తది కొనమంటున్నాడు. బోటు ఇనుము వల్లే అని హార్బరులో ఒకరు అన్నారు. అదే నిజమైతే దక్షిణానికి పోయేటప్పుడు ఆ ఇనుము ఎక్కడికి పోతోంది? బోటు అదే, ఇనుము అదే, కంపాస్ బిగించిన చోటూ అదే. ఒక దిక్కున తప్పి ఇంకో దిక్కున తప్పకపోవడం ఏమిటో నాకు అంతుపట్టడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

రిటైర్డు_మేటు:

కొత్త కంపాస్ కొనకండి బాబూ. కొన్నా అదీ 104 అనే చెబుతుంది. ద్రవం తగ్గితే గాజు కింద బుడగ కనిపిస్తుంది, కార్డు ఊగుతుంది, అంతే. పాడైన కంపాస్ ఒక పద్ధతిగా తప్పదు, నిన్న ఒకటి చెప్పి ఇవాళ ఇంకొకటి చెబుతుంది. మీది తూర్పుకు పద్నాలుగు ఎక్కువ, పడమరకు సరిగ్గా పద్నాలుగు తక్కువ, ఉత్తర దక్షిణాలకు సున్నా. ఇంత క్రమంగా తప్పుతోందంటే ముల్లు తన పని తాను చేస్తోంది. దానికి ఇద్దరు యజమానులు ఉన్నారు, అదే చిక్కు. ఒకరు భూమి, రెండోవారు మీ బోటు.

బోటు మొత్తాన్ని ఒక పొడవాటి నీరసపు అయస్కాంతం అనుకోండి. మీ లెక్క ప్రకారం దాని అమరం (వెనక భాగం) వైపు కొస, కంపాస్ ముల్లు ఉత్తరపు మొనను తనవైపు లాక్కుంటోంది. బోటు ముక్కు తూర్పుకు ఉంటే అమరం పడమరన ఉంటుంది కదా, ముల్లు అటు ఒరుగుతుంది. ముల్లుతో పాటు కార్డూ పడమరకు జరుగుతుంది కనుక ముక్కు దిక్కు చూపే గీత ముందు 90 ఉండవలసిన చోట 104 వస్తుంది. పడమరకు తిరిగితే అమరం తూర్పున ఉంటుంది, తప్పూ తిరగబడుతుంది. దక్షిణానికి పోయేటప్పుడు అమరం ఉత్తరాన ఉంటుంది. భూమి లాగే వైపే బోటూ లాగుతుంది, తప్పు రాదు, పైగా బలం కలిసివచ్చి కార్డు చురుగ్గా ఉంటుంది. ఉత్తరానికి వచ్చేటప్పుడు భూమి ముందుకు, అమరం వెనక్కు లాగుతాయి. తాడు పోటీలో రెండు పక్షాలూ ఒకే వరుసలో ఉన్నట్టు. ముల్లు పక్కకు జరగదు గానీ దాన్ని నిలబెట్టే బలం తగ్గుతుంది. మీరు చెప్పిన నిద్రమత్తు అదే. ఇనుము ఎక్కడికీ పోలేదు, కనిపించకుండా పనిచేస్తోంది.

ఇప్పుడు నేనొక జోస్యం చెబుతాను. మీ బోటును కడుతున్నన్నాళ్లూ దాని అణియం (ముక్కు) ఉత్తరం వైపు ఉండి ఉండాలి. ఇనుప రేకులను నెలల తరబడి ఒకే దిక్కుకు ఉంచి వెల్డింగు చేస్తూ, సుత్తితో బాదుతూ ఉంటే భూమి అయస్కాంతత్వం వాటిలోకి ఎక్కి స్థిరపడుతుంది. ఉత్తరాన ఉన్న కొస ఉత్తర ధ్రువమవుతుంది, దక్షిణాన ఉన్నది దక్షిణ ధ్రువమవుతుంది. ముల్లు ఉత్తరపు మొనను లాగేది ఆ రెండోదే. కట్టేటప్పుడు ఓడలో ఏ భాగం దక్షిణానికి ఉందో, ముల్లు ఆ భాగం వైపు ఒరుగుతుందని మాకు నేర్పేవారు. ఎక్కడ కట్టారో వెళ్లి చూసి చెప్పండి. నా మాట తప్పయితే ఇక్కడే ఒప్పుకుంటాను.

తీరం_గాలి:

మేటు గారి వివరణ బాగుంది గానీ ఒక చిన్న అడ్డుపుల్ల. ప్రశ్న అడిగినాయన కంపాస్‌ను పోల్చింది జీపీఎస్‌తో. జీపీఎస్ ముక్కు ఎటు ఉందో చెప్పదు, బోటు ఎటు జరుగుతోందో చెబుతుంది. రెండూ ఒకటి కావు.

ఇది మార్చి. ఈ నెలల్లో మన తీరం వెంట నీటి వడి ఉత్తరం వైపు ఉంటుంది. బోటు ఏడు నాట్ల (గంటకు ఏడు సముద్ర మైళ్ల) వేగంతో తూర్పుకు పోతోందనుకుందాం. నీరు ఉత్తరానికి నెడుతుంటే సరంగు ముక్కును కాస్త దక్షిణానికి పట్టి ఉంచితేనే జీపీఎస్‌లో 90 నిలుస్తుంది. అంటే ముక్కు నిజంగానే 100 మీదో 104 మీదో ఉండవచ్చు. పడమరకు వచ్చేటప్పుడు మళ్లీ దక్షిణానికి పట్టాలి, అప్పుడు కంపాస్ 270 కన్నా తక్కువ చూపాలి. ఉత్తర దక్షిణాలకు పోతే వడి వెనకో ముందో ఉంటుంది కనుక తేడా రాదు. మీరు రాసిన నాలుగు అంకెలూ ఏ ఇనుమూ లేకుండానే అచ్చం అలాగే వస్తాయి. పద్నాలుగు డిగ్రీలు రావాలంటే సుమారు 1.7 నాట్ల వడి కావాలి. అది ఎక్కువే కానీ అసాధ్యం కాదు.

చెక్క బోటులో ఇలా ఉండేది కాదంటున్నారు. ఆ బోటులో జీపీఎస్ పక్కన పెట్టుకుని అంకెలు ఎప్పుడైనా రాసుకున్నారా?

రిటైర్డు_మేటు:

చెంప మీద కొట్టినట్టు చెప్పారు. నేను మొదట అడగవలసిన ప్రశ్న ఇది. ముప్పై ఏళ్లు పెద్ద ఓడల్లో తిరిగినవాడికి ఒక జబ్బు ఉంటుంది. పదిహేను నాట్ల ఓడను వడి అంతగా పక్కకు నెట్టదు, ఏడు నాట్ల బోటు సంగతి వేరని మరిచిపోయాను. కార్డు మత్తుగా తిరగడం మాత్రం వడి వల్ల రాదు కనుక నా జోస్యాన్ని ఇంకా వెనక్కు తీసుకోవడం లేదు.

అనుమానం తీర్చుకునే ఉపాయం చెబుతాను, పైసా ఖర్చు లేదు. వడి బోటును పక్కకు జరపగలదు గానీ, ముక్కును గురిపెట్టి పట్టుకుంటే ఆ క్షణాన ముక్కు ఎటు ఉందో మార్చలేదు. గాలి లేని ఉదయం చూసుకుని డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్‌కు సరిగ్గా తూర్పున ఐదారు మైళ్ల దూరం వెళ్లండి. జీపీఎస్‌లో లైట్‌హౌస్‌ను గుర్తుగా పెట్టుకుంటే అది ఏ దిక్కున ఉందో అంకె వస్తుంది. బోటు పోతున్న దిక్కు చూపే అంకె కాదు, గుర్తు ఉన్న దిక్కు చూపే అంకె. అది 270 అన్నప్పుడు అణియాన్ని లైట్‌హౌస్‌కు గురిపెట్టి కంపాస్ చదవండి. తరువాత బోటును తిప్పి లైట్‌హౌస్‌ను అమరం మీదుగా సరిగ్గా వెనక ఉంచి చదవండి, అది తూర్పు. క్యాబిన్ వెనక గోడ వెంట కన్ను సాగదీసి లైట్‌హౌస్‌ను సరిగ్గా పక్కకు తెచ్చుకుంటే ఉత్తరం, దక్షిణం దొరుకుతాయి. ప్రతిదిక్కునా రెండు నిమిషాలు నిలకడగా ఉంచాకే అంకె రాయండి, కార్డు సర్దుకోవాలి. తిరిగే చోటు రెండు వందల మీటర్లకు మించి అటూ ఇటూ జరగకపోతే ఆరు మైళ్ల దూరాన వచ్చే తేడా ఒక డిగ్రీయే.

అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య తేడా అని ఎవరైనా అడ్డుపడతారేమో. విశాఖ దగ్గర అది ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. మన అదృష్టం.

లెక్చరర్_రాజమండ్రి:

ఆ అదృష్టంలో ఇంకో భాగం ఉంది. నేను ఓడ ఎక్కినవాడిని కాను, ఫిజిక్స్ పాఠం చెప్పేవాడిని.

కంపాస్ ముల్లును నిలబెట్టేది భూమి బలంలో నేలకు సమాంతరంగా ఉండే భాగమే. మన తీరంలో అది సుమారు 40 మైక్రోటెస్లా. లండన్ దగ్గర దాదాపు సగం. అంటే ఇదే బోటును ఏ మార్పూ చేయకుండా ఇంగ్లండు తీరానికి తీసుకుపోతే, దానిలో నిలిచిపోయిన అయస్కాంతత్వం వల్ల వచ్చే తప్పు రెట్టింపు అవుతుంది. బోటు బలం పెరిగినందుకు కాదు, భూమి పట్టు సడలినందుకు.

అక్కడ ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఉత్తరానికి పోయేకొద్దీ భూమి బలం నిలువుగా కిందికి దిగుతుంది. ఓడలో నిలువుగా ఉన్న ఇనుప స్తంభాలన్నీ ఆ బలానికి తాత్కాలిక అయస్కాంతాలవుతాయి. తిరునల్వేలి ప్రాంతంలో ఆ నిలువు బలం దాదాపు సున్నా, అయస్కాంత భూమధ్యరేఖ అటుగా పోతుంది. కనుక మన వైపు ఓడలకు ఆ బెడద తక్కువ.

దీన్ని మొదట పద్ధతిగా పరిశీలించినవాడు మాథ్యూ ఫ్లిండర్స్. 1801లో ఇన్వెస్టిగేటర్ అనే ఓడలో ఆస్ట్రేలియా తీరం కొలవడానికి బయలుదేరాడు. ఓడ ముక్కు తూర్పుకు ఉంటే ఒక తప్పు, పడమరకు ఉంటే దానికి ఎదురు తప్పు. అచ్చం ఈ మరపడవ గారి ఫిర్యాదే. ఉత్తరార్ధగోళంలో ముల్లు ఉత్తరపు మొనను ముక్కు వైపు లాగిన ఇనుము, దక్షిణార్ధగోళానికి వెళ్లాక దక్షిణపు మొనను లాగుతోందని గమనించాడు. లాగే మొన మారిందంటే కారణం నిలువు ఇనుమే. అది చెక్క ఓడ, ఇనుము కొంచెమే. అయినా కనిపెట్టాడు. తిరుగుదారిలో మారిషస్‌లో ఫ్రెంచివారు ఆయనను 1803 నుంచి 1810 వరకు నిర్బంధించారు. ఈ సంగతి మీద రాసిన పత్రాన్ని అక్కడి నుంచే పంపితే 1805లో రాయల్ సొసైటీలో చదివారు. కంపాస్ ముందు నిలబెట్టే నిలువు ఇనుప కడ్డీని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నా క్లాసులో పిల్లలు ఈ కథ విన్న రోజున మాత్రమే అయస్కాంతం పాఠంలో నిద్రపోరు.

మరపడవ_విశాఖ:

ఆలస్యానికి క్షమించాలి. నాలుగు రోజులు వేటలో ఉన్నాం. ఐదో రోజు పొద్దున్నే ఖాళీ బోటుతో నాన్న, నేను, సరంగు, ఇద్దరు కళాసీలు వెళ్లాం. డీజిలు దండగ అని నాన్న గొణిగారు గానీ గురిపెట్టేటప్పుడు చక్రం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

లైట్‌హౌస్‌కు గురిపెట్టినప్పుడు కంపాస్ 258. అమరం వెనక ఉంచినప్పుడు 102. రెండుసార్లు చూశాం, అంతే. దక్షిణం సరిగ్గా 180. ఉత్తరం 1 చూపింది, మా కన్ను సాగదీయడంలో తప్పు కావచ్చు. అంటే పద్నాలుగులో పన్నెండు బోటుది, మిగిలిన రెండు వడిది. ఇద్దరూ గెలిచారని నాన్న తీర్పు చెప్పారు. పన్నెండు డిగ్రీలంటే ముప్పై మైళ్లు పోయేసరికి ఆరు మైళ్లు పక్కకు తేలతామని లెక్క వేసి చూపిస్తే, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక జోస్యం సంగతి. బోటు కట్టిన చోటుకు వెళ్లి ఫోనులో దిక్కు చూశాను. మేటు గారూ, అణియం ఉత్తరానికే ఉంది! రెండు మూడు డిగ్రీలు తూర్పుకు ఒరిగి ఉంటుంది. అక్కడి మేస్త్రి, 'చోటు ఇరుకు, ఇక్కడ కట్టిన బోట్లన్నీ అటే చూస్తాయి' అన్నాడు. అయితే అక్కడ కట్టించిన వాళ్లందరికీ ఇదే రోగం ఉండాలి కదా?

చివరి ప్రశ్న. ముల్లును అమరం లాగుతోందని తెలిసింది. కంపాస్ దగ్గర ఎదురుగా ఒక చిన్న అయస్కాంతం అతికించేస్తే లెక్క సరిపోదా? పాత స్పీకరులోది ఒకటి ఇంట్లో ఉంది.

రిటైర్డు_మేటు:

ఆ స్పీకరు అయస్కాంతాన్ని ముందు బోటు దిగనివ్వండి!

మీ ఆలోచన తప్పు కాదు. 1838లో ఇంగ్లండు రాజఖగోళవేత్త జార్జ్ ఎయిరీ చేసింది అదే. రెయిన్‌బో అనే ఇనుప స్టీమరును డెట్‌ఫర్డ్ దగ్గర నీళ్లలో దిక్కుదిక్కుకూ తిప్పి, ఎక్కడ ఎంత తప్పుతోందో కొలిచి, కంపాస్ చుట్టూ అయస్కాంతాలూ ఇనుప ముక్కలూ పెట్టి సరిచేశాడు. పద్ధతి అద్భుతంగా పనిచేసింది. విలియం స్కోర్స్‌బీ అనే ఆయన మాత్రం ఒప్పుకోలేదు. తిమింగలాల వేటలో పెరిగి తరువాత మతగురువైన మనిషి ఆయన. ఓడలో అయస్కాంతత్వం రాయిలా ఉండిపోదు, అలల దెబ్బలకు మారుతుంది, మారినదానికి మారని మందు వేస్తే రేపు అదే విషం అవుతుందని ఆయన వాదన. 1854 జనవరి 19న టేలర్ అనే కొత్త ఇనుప ఓడ లివర్‌పూల్ నుంచి మెల్‌బోర్న్‌కు తొలి ప్రయాణం మీద బయలుదేరింది. కంపాస్‌లు ఒకదానితో ఒకటి పొసగలేదు. దక్షిణానికి పోతున్నామనుకుంటూ పడమరకు పోయి, రెండు రోజులకు ఐర్లండు పక్కన లాంబే దీవి రాళ్లకు కొట్టుకుంది. ఎక్కినవాళ్లలో సగానికి పైగా పోయారు. స్కోర్స్‌బీ తన మాట రుజువు చేసుకోవడానికి 1856లో అరవై ఏళ్లు దాటిన వయసులో ఇనుప ఓడ ఎక్కి ఆస్ట్రేలియా దాకా వెళ్లి, దారి పొడవునా కొలతలు తీశాడు. దక్షిణార్ధగోళంలో ఓడ అయస్కాంతత్వం నిజంగానే మారింది.

నన్నడిగితే ఇద్దరిదీ సగం సగం నిజం. ఎయిరీలా సరిచేయాలి, స్కోర్స్‌బీలా నమ్మకుండా ఉండాలి. పెద్ద ఓడల్లో ఇవాళ్టికీ అదే చేస్తాం. ఎన్ని జీపీఎస్‌లున్నా, కరెంటు లేకుండా పనిచేసే అయస్కాంత కంపాస్ ఒకటి ఓడ మీద ఉండి తీరాలని అంతర్జాతీయ నిబంధన.

1987లో నేను థర్డ్ మేటుగా (ఓడలో కింది స్థాయి అధికారిగా) ఉన్నప్పటి సంగతి. డ్రైడాక్‌లో (ఓడను నీటి బయట నిలిపి మరమ్మతు చేసే చోటు) నలభై రోజుల వెల్డింగు తరువాత మా కంపాస్ సరిచేయడానికి ఒక పెద్దాయన లాంచీలో వచ్చారు. మంకీ ఐలాండ్ (ఓడ నడిపే గది పైకప్పు) ఎక్కగానే ఆయన చేసిన మొదటి పని జేబులు ఖాళీ చేయడం. తాళంచెవులు, గడియారం, చివరికి బెల్టు కూడా విప్పి బుట్టలో పెట్టి కిందికి పంపారు. పంచెకు ముడి బిగించినట్టు ప్యాంటును చేత్తో ఎగలాక్కున్నారు. కంపాస్ నిలిచే చెక్క పీఠానికి తలుపు ఉంటుంది. తీస్తే లోపల పావురాల గూటిలా వరుసగా కన్నాలు, వాటిలో పెన్సిలంత అయస్కాంత కడ్డీలు, ఒక కొసన ఎరుపు, ఇంకో కొసన నీలం. ఓడను తూర్పుకు నిలిపి, ఓడ పొడవు వైపుగా ఉన్న కన్నాల్లో ఒక కడ్డీ దూర్చి సూర్యుడి దిక్కుతో సరిచూశారు. తప్పు మొత్తం పోయింది. పడమరకు తిప్పారు. అక్కడ నాలుగు డిగ్రీలు మిగిలింది. అందులో సగమే తీశారు. 'మొత్తం తీస్తే అటు చెడుతుంది బాబూ, ఇద్దరు కొడుకులకు పొలం పంచినట్టు పంచాలి' అన్నారు. ఉత్తర దక్షిణాలకు అడ్డ కడ్డీలు, మూలల దిక్కులకు రెండు పక్కలా ఇనుప గోళాలు. మధ్యలో ఉన్నట్టుండి మూడు డిగ్రీల తేడా వచ్చింది, ఎక్కడి నుంచో తెలియలేదు. ఆయన పెన్సిలు ఆపి వెనక్కు తిరిగి నా నడుము వైపు చూశారు. వాకీటాకీ. దాని స్పీకరులో మీ ఇంట్లో ఉన్నలాంటి అయస్కాంతమే ఉంటుంది. నన్ను మెట్లు దింపేదాకా మళ్లీ కంపాస్ ముట్టుకోలేదు.

కనుక మీరు చేయవలసింది ఇది. మీ కంపాస్ గిన్నె పక్కన రెండు చిన్న మరలు ఉన్నాయేమో చూడండి, చాలా బోటు కంపాస్‌లకు ఉంటాయి. లోపలి చిన్న అయస్కాంతాలను తిప్పేవి అవి. ఉంటే ఇత్తడి స్క్రూడ్రైవరుతో తూర్పున తప్పు తీయండి, పడమరకు తిరిగి మిగిలినదానిలో సగం తీయండి. లేకపోతే కంపాస్ సరిచేసేవారిని పిలవండి. అప్పటిదాకా ఎనిమిది దిక్కులకూ ఎంత తప్పుతోందో అట్టముక్క మీద రాసి చక్రం ముందు తగిలించండి.

ఆ అట్టను శాశ్వతం అనుకోకండి. కొత్త బోటు మొదటి నెలల్లో తనలో నిలిచినదాన్ని కొంత విదిలించుకుంటుంది. ఆ చోట కట్టిన మిగతా బోట్లకూ ఇదే ఉండాలి కదా అన్నారు. పుట్టినప్పుడు ఉండి ఉంటుంది. ఇప్పుడు ఎంత మిగిలిందో ఎవరి బోటును వారు తిప్పి చూసుకోవలసిందే. మొన్నటి అంకెలకు తేదీ వేశారా?

మరపడవ_విశాఖ:

తేదీ వేశాను సార్. మరలు రెండూ ఉన్నాయి, వాటి మీద రంగు పూసేశారు, గీకాలి. అట్ట రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టాను, నాన్న దాన్ని గంగమ్మ పటం కింద తగిలించారు. క్యాబిన్ రేడియో స్పీకరు కంపాస్‌కు జానెడు దూరంలో ఉందని ఇప్పుడే గమనించాం. అదీ జరపాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోటు జెట్టీకి కట్టి ఒకే వైపు చూస్తూ ఉంటుంది. దానివల్ల కూడా మారుతుందా?

రిటైర్డు_మేటు:

మారవచ్చు. చిప్పింగు సుత్తితో తుప్పు కొట్టించేది కూడా ఆ రెండు నెలల్లోనే కదా. వీలైతే నెల తిరిగాక బోటును అటు ముక్కు ఇటు చేసి కట్టండి. జూన్ 15న తొలి వేటకు పోయేముందు లైట్‌హౌస్‌కు మళ్లీ ఒకసారి గురిపెట్టి, వచ్చిన అంకెలు ఇక్కడ రాయండి. స్పీకరు ముందు జరిపి, మరలు తరువాత తిప్పండి.